పుస్తకం వెనక మాలకొండమ్మ

పద్మనాభయ్య మధ్యాహ్నం బస్సుకు వస్తానని ఫోను చేసినప్పటి నుంచి మాలకొండమ్మ మూతి బిగించుకునే ఉంది. గూడూరు కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన ఆ పెద్దమనిషి రెండేళ్ళపాటు ఈ పులికాట్ ఒడ్డున, ఆమె పంచలో కూర్చుని, టీలు తాగి, రొయ్యల సంగతులన్నీ రాసుకుపోయాడు. పుస్తకం అచ్చయింది. మాలకొండమ్మకు చదువు రాదు. కోడలు గంగాభవాని వారం రోజులుగా పైకి చదువుతుంటే వల బాగుచేసుకుంటూ విన్నది. తను చెప్పినవన్నీ ఉన్నాయి. తన పేరు మాత్రం ఒక్కచోటా వినిపించలేదు.

"అంతా ఆయనే కనిపెట్టినట్టు రాసుకున్నాడే! ఇప్పుడు రెండో పుస్తకానికి వస్తాన్నాడంట. రానీ. నోరిప్పితే ఒట్టు."

ఆయన వచ్చాడు. నిమ్మకాయల సంచీ అరుగు మీద పెట్టి నోటుబుక్కు తీశాడు.

"ఈసారి గాలుల సంగతి చెప్పాలమ్మా."

"నాకేం తెల్సు సారూ? అన్నీ మీకే తెల్సునంట గదా, పుస్తకంలో రాసుండారు."

పద్మనాభయ్య తెల్లబోయాడు. "ముప్పై చోట్ల రాసినానే నీ పేరు! వెనక చూడలేదా?"

గంగాభవాని నాలుక కరుచుకుంది. వివరం వెనక పేజీల్లో చూడమంటూ వాక్యాల చివర వేసిన చీమ తలకాయంత అంకెలు ఆమె చూడకపోలేదు. డిగ్రీ పరీక్షలకే వాటి జోలికి పోని మనిషి, అత్తకు చదివి పెట్టేటప్పుడు పోతుందా? గబగబా చివరి పేజీలు తీసి చదివింది. "పన్నెండు. ఈ సంగతి చెప్పినది మాలకొండమ్మ. నీటి రంగు చూసి రొయ్య ఎటు పోతుందో చెప్పగలదు."

మాలకొండమ్మ చేతిలో వల ఆగింది. లోపల ఎంత మెత్తబడ్డా పైకి తేలనివ్వలేదు.

"పెళ్ళికి పిలిచి పెరట్లో ఆకేసినట్టుండాది. చెప్పిన కాడనే పేరుంటే ఏం పోయింది సారూ?"

"పేజీ అడుగునే వెయ్యమన్నానమ్మా. చూసేదానికి బాగుండదని ప్రెస్సువాళ్ళు వెనక్కి తోసేసినారు. ఒక వేలు ఈడ, ఒక వేలు ఆడ పెట్టుకుని చదవాలంటే నాకే విసుగు."

గంగాభవాని వినడం లేదు. వెనక పేజీలే వరసగా చదువుకుపోతూ కిసుక్కున నవ్వింది.

"అత్తా, ఊరంతా ఈడే ఉండారు! ఇది ఇను. 'రొయ్య జాడ తెలిసేది నీటి రంగును బట్టి కాదు, వాసనను బట్టి అని ముత్యాలయ్య వాదన.'"

"పడవెక్కితే ఒడ్డు యాడుందో తెలీనోడు! నా పక్కనే రాసినారా వాణ్ణి?"

"నీ కింద."

"కిందనా? సరే. ఇంకోటి సదువు."

పక్కింటి పోలేరమ్మ తిట్లు వచ్చాయి, అబ్రహాము చెప్పిన తుఫాను కథ వచ్చింది. ముందు పేజీల్లో గొంతు సవరించుకుని మాట్లాడిన సారు, వెనక పేజీల్లో పంచలో కూర్చున్న మనిషిలాగే ఉన్నాడు. టీలు చల్లారిపోయాయి.

మాలకొండమ్మ వల దారం రెండు ముక్కలు తెంచి కోడలికిచ్చింది. "పేజీ గుర్తుకు ఒకటి ముందర పెట్టు, ఒకటి వెనక పెట్టు. రేపట్నించి రెండు చోట్లా సదవాల."

తర్వాత ఆయన వైపు తిరిగింది.

"గాలి సంగతి చెప్తా. ముందు నా పేరు రాసుకోండి సారూ, చెప్పిన పేజీలోనే. ముత్యాలయ్యను మాత్రం వెనకనే ఉండనీండి."

పద్మనాభయ్య కలం మూత తీశాడు.