ముందు కాపీ

కంప్యూటర్ పెట్టె మూత తీసి, అతను లోపలి దుమ్ము బ్రష్షుతో దులుపుతున్నాడు. కేబుల్ ఊడదీసే ముందు దానికి ప్లాస్టరు ముక్క చుట్టి, బాల్‌పెన్నుతో అంకె వెయ్యడం అతని అలవాటు. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. వీధిలో అందరికీ అతను పెట్టెల డాక్టరు.

"డాక్టరుగారూ, మావాడు బతికి బట్టకడతాడా?" కౌంటరు మీద మోచేతులు ఆనించి అడిగాడు టైలరు.

"శుభ్రం చేస్తూ వైర్లు అటూ ఇటూ మార్చారు. ఇది పోయి ఖాళీ డిస్కులో విండోస్ వెతుక్కుంటోంది."

"నేనూ అంతేనండీ. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా గాలిస్తా."

"సరిచేస్తాలెండి. కానీ ముందు కాపీ, తర్వాతే ఏదైనా తెరవడం."

పైనుంచి కూతురు పిలిచింది. ఇల్లు షాపు పైనే.

"నాన్నా, ఒకసారి రా. అమ్మది వచ్చింది."

మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చింది. తన కంప్యూటర్‌లో కొత్త డిస్కు బిగించుకుంటూ, కూతురు వేలాడుతున్న కేబుళ్లన్నీ దొరికిన చోటల్లా గుచ్చేసింది. వాటిలో ఒకటి అదే పెట్టెలో ఉన్న భార్య పాత డిస్కుది; మూడేళ్ల క్రితం అతను కావాలని పీకి ఉంచాడు. భార్య చనిపోయిన నెలలోనే ఆ డిస్కు టిక్కుటిక్కుమనడం మొదలుపెట్టింది. మహా అయితే ఇంకొక్కసారి తిరుగుతుంది. ఆ ఒక్కసారిని వాడెయ్యడానికి అతనికి చేతులు రాలేదు.

ఇప్పుడది తిరుగుతోంది, కంప్యూటర్ దాన్నుంచే లేచింది. తెర మూలన ఆమె పసుపు చీటీ: "వంటింట్లో బల్బు. పిల్లకి స్వెటర్. ఈయన్ని పన్ను డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాలి."

టిక్.

"ఆపేసి కాపీ చేద్దామా నాన్నా?"

"ఆఁ. ముందు కాపీ."

మౌస్ మాత్రం వదల్లేదు. చీటీ పక్కన ఒక ఫోల్డరు. పేరు, 'ఈయనకి చూపించాల్సినవి'.

ఏవండీ, పైకొచ్చి ఇది చూడండి, అని ఎన్ని సాయంత్రాలు కేకేసిందో. ఈ ఒక్కటీ బిగించి వస్తున్నా అనేవాడు. ఒకటి అయ్యేసరికి ఇంకోటి వచ్చేది.

"నాన్నా, వద్దు. పోతుంది."

రెండుసార్లు నొక్కాడు. ఫోల్డరు తెరుచుకుంది, తెల్లగా. నీలం చక్రం తిరిగింది. టిక్, టిక్, తర్వాత సన్నగా దిగిపోతున్న చప్పుడు. కాసేపటికి నల్లటి తెర మీద, డిస్కు దొరకలేదని తెల్లటి అక్షరాలు.

కేబుల్ మార్చాడు. చోటు మార్చాడు. సెటప్‌లోకి వెళ్లి చూశాడు. కూతురి పాతదీ కొత్తదీ, రెండు డిస్కుల పేర్లే ఉన్నాయి.

"ఏమైనా కనిపించిందా?" అడిగింది కూతురు.

"ఫోల్డరు కింద లెక్క వచ్చింది. రెండొందల పద్నాలుగు ఉన్నాయి."

అతను భార్య డిస్కు విప్పి, మిగతావి ఎక్కడివక్కడ పెట్టి స్విచ్ వేశాడు. కంప్యూటర్ ఏ పేచీ పెట్టకుండా లేచింది.

"డాక్టరుగారూ! మావాడి సంగతేంటి?" కింద టైలరు.

"రేపు రమ్మని చెప్తాలే, నువ్వు కూర్చో," అని కూతురు మెట్లు దిగింది.

పాత పేపరు మీద నాలుగు స్క్రూల పక్కన డిస్కు ఉంది. చెయ్యి వేస్తే ఇంకా వెచ్చగానే ఉంది.