రెండో కెమెరా

కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఆ ఇంట్లో మూడు పనులు ఉండేవి. నీళ్ల మోటారు స్విచ్చి కట్టేయాలి. గోడ గడియారం పక్కనున్న డిజిటల్ గడియారంలో మెరుస్తున్న సున్నాలను సరైన టైముకు మార్చాలి. అక్క ఎక్కడుందో కనుక్కోవాలి.

మొదటి రెండూ మరదలు, అంటే అక్క తమ్ముడి భార్య, చేసేది. మూడోది ఎవరికి తీరికుంటే వాళ్లు. కరెంటు పోయినప్పుడు వంటింట్లో ఉన్న అక్క, కరెంటు వచ్చేసరికి ఇంకోచోట ఉండేది. మొదట్లో మేడ మీదా పెరట్లోనూ దొరికేది. తర్వాత గేటు బయట. ఆ తర్వాత వీధి చివర మందుల షాపు ముందు, చేతిలో గరిటెతో. షాపతను ఫోన్ చేసేవాడు.

"మీ అక్కగారు ఇక్కడున్నారు. పొయ్యి ఆపమంటున్నారు."

ఎవరో ఒకరు స్కూటర్ మీద వెళ్లి తీసుకొచ్చేవారు. ఒకసారి ఇస్త్రీ అతను బట్టల మూటతో పాటు ఆమెనూ దించి వెళ్లాడు. వీధిలో ఎవరూ దీన్ని వింతగా చూడలేదు. కరెంటు పోతే కొందరి ఇళ్లలో ఫ్రిజ్ పాడవుతుంది, ఈ ఇంట్లో ఇలా.

అక్క టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటర్‌గా చేసేది. ఎక్స్ఛేంజీ మూతపడ్డాక నాలుగు నెలలు ఉందామని తమ్ముడింటికి వచ్చింది. పద్నాలుగేళ్లయింది. తమ్ముడికి నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల విభాగంలో ఉద్యోగం. మరదలు కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. పొద్దున్న ఎనిమిదిన్నరకు ఇద్దరూ చెరోవైపు పరుగెత్తాలంటే, పిల్లలిద్దరూ మూడింటికి ఇంటికొచ్చి తలుపు తట్టాలంటే, లోపల అక్క ఉండాలి.

అందుకే కెమెరాలు పెట్టించారు. గేటుకొకటి, వంటింటికొకటి, హాలుకొకటి, మేడ మెట్లకొకటి. నాలుగూ చూసింది దాచుకునే రికార్డర్ టీవీ కింద అరలో ఉంది. ఆఫీసులో కూర్చుని ఫోన్‌లో ఇల్లంతా చూసుకోవచ్చన్నారు. తమ్ముడు చూసుకునేవాడు కూడా. కాని కరెంటు పోయి రాగానే ఫోన్‌లో నాలుగు నల్లటి గళ్లే కనిపించేవి. అక్క ఉందో లేదో తెలియాల్సిన గంటలోనే తెలిసేది కాదు.

మంగళవారం పదింటికి కెమెరాయన వచ్చాడు. నలభై దాటిన మనిషి. కళ్లజోడు నుదుటి మీదకు తోసి తెర చూసే అలవాటు. తమ్ముడు ఆ పూటకు సెలవు పెట్టాడు.

"రికార్డర్‌కు జబ్బేం లేదు సార్," అన్నాడు కెమెరాయన, టీవీ తెర మీద మౌస్ బాణాన్ని తిప్పుతూ. "కరెంటు వచ్చినప్పుడల్లా రూటర్ దీనికో కొత్త నంబరు ఇస్తోంది. ముందు తొమ్మిది, ఇప్పుడు పద్నాలుగు. మీ ఫోనేమో వెళ్లి పాత తలుపే తడుతోంది."

"ఇల్లు మారినవాడికి పాత అడ్రసుకు ఉత్తరం రాసినట్టు."

"అంతే. సొంత నంబరు ఒకటి రాసిచ్చేస్తే ఇక కదలదు. ముందు కెమెరాలు తుడుస్తాను, రెండోది మసకగా ఉంది."

రెండోది వంటింటిది. అద్దం నిండా నూనె జిడ్డు. కెమెరాయన స్టూలెక్కాడు. అక్క కింద నిలబడి తడిగుడ్డ అందించింది.

"ఇవాళే చేసేస్తారా?"

"పావుగంట పని అమ్మా."

"శుక్రవారం పెట్టుకోకూడదా?"

ఆయన కిందకు చూశాడు.

"గురువారం మావైపు తీగలకు అడ్డమొచ్చే కొమ్మలు కొడతారట. రెండు గంటలు కరెంటు ఉండదని పేపర్లో వేశారు." అక్క గొంతు తగ్గించింది. "వంతెన అవతల మా ఎక్స్ఛేంజీ మనిషి ఉంది. దాన్ని ట్రంకాల్ అనేవాళ్లం. దాని గొంతుకు అసలు ఫోనే అక్కర్లేదు. ఇంట్లోనే నోటు పుస్తకాలు కుడుతుంది. రెండో మంచం ఖాళీగా ఉంది, కిటికీ పక్కది, వచ్చెయ్యమంటుంది."

"వెళ్లండి మరి."

"అదే వెళుతున్నాను బాబూ. ముందు మందుల షాపు దాకా, తర్వాత పాలబూత్ దాకా. పోయిన వారం కరెంటు వచ్చేసరికి వంతెన మీద ఉన్నాను, సరిగ్గా మధ్యలో. దిగితే మూడో తలుపే. ఇంకొక్కసారి పోతే చాలు."

కెమెరాయన గుడ్డ మడిచాడు. "నడిచి వెళితే ఇరవై నిమిషాలు కదమ్మా."

"నడిస్తే నేను వెళ్లిపోయినట్టు అవుతుంది. ఇలాగైతే కరెంటు పోయినట్టు అవుతుంది."

"ఆవిడ వచ్చి తీసుకెళ్లొచ్చుగా?"

"రెండుసార్లు వచ్చింది. మా తమ్ముడు టీ ఇచ్చి పంపించాడు. మంచి మర్యాదస్థుడు."

పదకొండింటికి ఆయనకు ఇంకో ఇంట్లో పని ఉంది. స్టూలు దిగి హాల్లోకి వచ్చాడు.

నంబరును రూటర్ ఇష్టానికి వదిలేసే గడిలో టిక్కు తీసేశాడు. ఆ రూటర్ వంద లోపు నంబర్లే పంచుతుంది. అందుకని దాని చేయి అందని రెండు వందలు ఎంచుకున్నాడు. టైపు చేసే ముందు ఆ నంబరు ఇంకెవరిదీ కాదని సరిచూశాడు, అది ఆయన పద్ధతి. సేవ్ నొక్కాడు. కాగితం ముక్క మీద 192.168.1.200 అని రాసి రికార్డర్ అడుగున అంటించాడు. తర్వాత లాప్‌టాప్‌లో రూటర్ పేజీ తెరిచి, ఇంట్లో ఏమేం కలిసి ఉన్నాయో చూశాడు. టీవీ, రికార్డర్, పిల్లల కంప్యూటర్, తమ్ముడి ఫోను, కెమెరాయన లాప్‌టాపు. చివర పేరు లేని వరస ఒకటి.

"ఇదెవరిది సార్?"

తమ్ముడు టీవీ ఆపాడు, కంప్యూటర్ ఆపాడు. ఆ వరస పోలేదు. ఫోను కూడా ఆపాడు. పోలేదు. తమ్ముడు వంటింటి వైపు తల తిప్పాడు.

"అక్కది అయ్యుంటుంది."

కెమెరాయన ఆ వరస మీదకు బాణం జరిపాడు.

"దీనికీ కరెంటు వచ్చినప్పుడల్లా నంబరు మారుతుందా?"

"మారుతూనే ఉంది సార్. పాత లెక్కలో కనిపిస్తోంది."

"పనిలో పని, దీనికీ ఒకటి రాసిపెట్టేయండి."

"ఇది మెషిన్ కాదేమో సార్."

"ఏదైతేనేం? ఇంట్లోదే కదా."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. కెమెరాయన నుదుటి మీది కళ్లజోడు కిందకు లాక్కుని, పేరు లేని వరస ఎదురుగా రెండు వందల ఒకటి అని టైపు చేసి సేవ్ నొక్కాడు. కొంతసేపటికి గరిటె చప్పుడు మళ్లీ మొదలైంది. పని కాగితంలో 'స్టాటిక్ (కదలని) నంబర్లు: రెండు' అని రాశాడు. తమ్ముడు సంతకం పెట్టాడు.

గురువారం కొమ్మలు కొట్టారు. రెండు గంటలన్నది మూడయింది. వంతెన అవతల, మూడో ఇంట్లో, ట్రంకాల్ తలుపు గడియ తీసి పెట్టుకుని పుస్తకాలు కుడుతూ కూర్చుంది. కరెంటు వచ్చింది. ఆఫీసులో తమ్ముడు ఫోన్ తీశాడు. నాలుగు గళ్లూ వెలిగాయి. రెండో గడిలో అక్క ఉంది, వంటింట్లో, గరిటెతో. తమ్ముడు కెమెరాయనకు ఐదు చుక్కల రేటింగ్ ఇచ్చి, ఫోన్ జేబులో పెట్టుకుని, తరువాతి ఫిర్యాదు తీశాడు.

మూడు నెలల తర్వాత తమ్ముడే కెమెరాయనకు ఫోన్ చేశాడు. "రెండో కెమెరా బొమ్మ కదలడం లేదండీ. కరెంటు వచ్చిన ప్రతిసారీ పది నిమిషాలు ఆగిపోతోంది."

కెమెరాయన వచ్చాడు. మెయిన్ స్విచ్చి దించి, వంద లెక్కపెట్టి, ఎత్తాడు. టీవీలో నాలుగు గళ్లు వచ్చాయి. రెండో గడిలో అక్క గోడకు ఎదురుగా నిలబడి ఉంది. ఎడమ చేతిలో గరిటె. కుడి చెయ్యి భుజం దాకా లేచి, తలుపు తట్టేటప్పటిలా మడిచిన వేళ్లు గోడకు ఆని ఉన్నాయి.

"చూశారా? ఆగిపోయింది," అన్నాడు తమ్ముడు.

కెమెరాయన గడి మూలనున్న టైము చూశాడు. సెకన్లు నడుస్తున్నాయి. పొయ్యి మీద కుక్కర్ నుంచి ఆవిరి లేస్తోంది.

"బొమ్మ ఆగలేదు సార్."

తమ్ముడు కూడా సెకన్లు చూశాడు. ముప్పై ఒకటి, ముప్పై రెండు, ముప్పై మూడు.

"ఆ రెండో నంబరు తీసేస్తే సరిపోతుంది. ఒక్క నిమిషం పని," అన్నాడు కెమెరాయన. లాప్‌టాప్ అప్పటికే తెరిచి ఉంది. బాణం ఆ వరస మీదే ఉంది.

తమ్ముడు చాలాసేపు తెర చూశాడు. గోడ గడియారం వైపు చూశాడు. మూడింటికి పిల్లలు వస్తారు.

"వద్దులెండి. పది నిమిషాలేగా."

కెమెరాయన లాప్‌టాప్ మూసి, వచ్చినందుకు అద్దమైనా తుడుద్దామని వంటింట్లోకి వెళ్లి స్టూలెక్కాడు. అక్క ఈసారి గుడ్డ అందించలేదు, ఇంకా అలాగే ఉంది. ఆమె వేళ్లు ఆనిన చోట, అరచేయంత మేర, గోడ రంగు లేచిపోయి లోపలి సున్నం కనిపిస్తోంది.

పని కాగితంలో ఆయన ఇలా రాశాడు: 'రెండో కెమెరా. అద్దం తుడిచాను. లోపం లేదు.'