చెయ్యి కడిగేదాకా

విజయనగరం స్టేషన్లో పది గంటల బండి ఆగగానే జగ్గమ్మ ప్లాట్‌ఫారం మీదికొచ్చి మనుషుల్ని ఏరుకునేది. సంతలో వంకాయలు ఏరినట్టు పైకీ కిందకీ చూసి మరీ ఏరేది. రాయపూర్ లైను బండి పన్నెండున్నరకి గాని లేదు. పార్వతీపురం, రాయగడ వెళ్ళేవాళ్ళు అంతసేపూ పెట్టెల మీద కూచుని ఈగలు తోలుకోవలసిందే. వాళ్ళలోంచి ఐదుగుర్ని పట్టుకుని, "రండి బాబూ, ఊరు సూపిస్తాను. నాలుగు ముద్దలు తినీసి బండేలకి మళ్ళీ ఇక్కడుందురుగాని" అనేది.

ఆరోవాడు కాళ్ళావేళ్ళా పడ్డా రానిచ్చేది కాదు. ఆవిడ తీసుకెళ్ళేది హోటళ్ళకి కాదు, ఇళ్ళకి. ఐదుగురొస్తే ఇంటివాళ్ళకి వండుకున్నదాంట్లోనే తలో కాస్త సర్దవచ్చు. ఆరోవాడొస్తే ఇల్లాలు మళ్ళీ పొయ్యి ముట్టించాలి. అప్పుడది మర్యాద కాదు, చాకిరీ. ఇది జగ్గమ్మ సిద్ధాంతం. యాభై ఏళ్ళ వయసు, గంటస్తంభం దాకా వినిపించే గొంతు ఉన్న మనిషి సిద్ధాంతాన్ని కాదనే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేదు.

రెండున్నర గంటల్లో కోట, సంగీత కళాశాల, పైడితల్లి గుడి చూసి, మూడిళ్ళలో తినడం ఎలా అవుతుందని కొత్తవాళ్ళు అడుగుతారు. అవుతుంది. జగ్గమ్మ తెచ్చిన అతిథి తిండి ముందు కూచుంటే, చెయ్యి కడుక్కునేదాకా ఊళ్ళో పొద్దు కదలదు. తింటున్న మనిషిని లేపకూడదని పెద్దలంటారు కదా, విజయనగరంలో పొద్దు కూడా పెద్దల మాట వింటుంది. గంటస్తంభం మీద ముల్లు నిలబడిపోతుంది. గోడ మీది ఎండ గోడ మీదే ఉంటుంది. కోరుకొండ దాటిన బండి ఎంత పరుగెత్తినా విజయనగరం రాదు. కిటికీలోంచి ఒకటే తాటిచెట్టు కనిపిస్తోందేమిటని ప్రయాణికులు విసుక్కుంటే, "ఎవరో బోంచేస్తన్నారు" అని గార్డు సర్దిచెప్పేవాడు. లెక్కల పీరియడు ఎంతకీ అవకపోతే బడిపిల్లలు జగ్గమ్మని తిట్టుకునేవాళ్ళు. రాహుకాలంలో ఎవరినీ కూచోబెట్టవద్దని పురోహితులు ఓసారి వచ్చి మొరపెట్టుకున్నారు గాని, ఆకలికి రాహుకాలమేటని ఆవిడ పట్టించుకోలేదు.

అరవై ఎనిమిదిలో, ఉగాది వెళ్ళిన వారం, ఆవిడ ఏరుకున్న ఐదుగురు వీళ్ళు. రాయగడలో బియ్యం వ్యాపారం చేసే అన్నదమ్ములిద్దరు, చెరో కుంచం తినగల మనుషులు. భీమిలి మిషను బడిలో పంతులు ఏసుదానం, ఆయన కూతురు లీలారాణి. ఐదో మనిషి నరసింగరావు. సామర్లకోటలో సర్వే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. భార్య పోయి రెండేళ్ళయింది. అప్పట్నుంచి ఏదీ అరగదు. మేనల్లుడింట్లో ఓ మూల పడి ఉందామని బరంపురం వెళ్తున్నాడు. ఆయన బండి పన్నెండూ ముప్పావుకి.

లీలారాణి నర్సు చదువు పూర్తిచేసింది. పార్వతీపురం ఆసుపత్రిలో ఉద్యోగమొచ్చింది. ఆర్డరు కాగితం పాత చిరునామాకి పోయి, తిరిగి తిరిగి వాళ్ళ చేతికొచ్చేసరికి ఇవాళే ఆఖరి రోజయింది. సాయంత్రం నాలుగు లోపల అసలు సర్టిఫికెట్లు చూపించి చేరితే చేరినట్టు. లేకపోతే ఉద్యోగం జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది. ఆ సర్టిఫికెట్లు పొందూరు ఖద్దరు సంచిలో ఉన్నాయి. ఏసుదానం పది అడుగులకోసారి "అమ్మా, కాగితాలున్నాయా?" అనడం, ఆ పిల్ల "ఉన్నాయి నాన్నా" అనడం. కూతుర్ని నూతి దగ్గరికి కూడా ఒంటరిగా పంపని మనిషాయన. ప్రేమే గాని, పక్కనున్నవాళ్ళకి ఊపిరాడనిచ్చే ప్రేమ కాదు.

జగ్గమ్మ ముందు కోట చూపించింది. "రాజులు కట్టించినారు, మా తాతలు రాళ్ళు మోసినారు. ఎవుల్ని తలుసుకుంటారో మీ ఇష్టం." కళాశాల కిటికీ కింద నిలబెట్టి వయొలిన్ సాధన వినిపించింది. కోట వెనక సుభద్రమ్మగారింట్లో ఆవపెట్టిన పనసపొట్టు కూర తినిపించింది. అన్నదమ్ములు గిన్నె అడుగు గీరి మరీ తిన్నారు. నరసింగరావు "నాకరగదమ్మా" అని మంచినీళ్ళు తాగాడు. వాళ్ళు బయల్దేరేముందు సుభద్రమ్మ లీలారాణి చేతికి సంచి అందిస్తూ, "ఆడపిల్ల సంచి తేలిగ్గా పంపకూడదు. రెండు సున్నుండలు, ఓ బెల్లం అచ్చు పడేశానమ్మా" అంది. సంచి బరువెక్కింది. ఎందుకు బరువెక్కిందో తెలుసు కనక లీలారాణి విప్పి చూసుకోలేదు.

తర్వాత కస్పాలో అసిరమ్మ చోడి అంబలి పోసింది. ఆవిడ మొగుడు సోములు గుండెకి తప్పెటగుళ్ళు కట్టుకుని నడివీధిలో ఎగిరి చూపించాడు. నరసింగరావు తన ముంత పక్కవాడికిచ్చేశాడు. ఆఖరికి కంటోన్మెంటులో ఏసమ్మ ఇల్లు. ఇక్కడ పూర్తి భోజనం. అక్కణ్ణుంచి స్టేషను పావుగంట నడక.

నలుగురూ తిని చేతులు కడుక్కున్నారు. నరసింగరావు మాత్రం మర్యాదకి విస్తరి ముందు కూచుని, పిడికెడు మజ్జిగన్నాన్ని మెతుకు మెతుకూ కెలుకుతున్నాడు. గోడ గడియారం పన్నెండూ ఐదు దగ్గర ఆగి ఉంది. లీలారాణి మూతి తుడుచుకుందామని రుమాలు కోసం సంచి విప్పింది. బెల్లం ఉంది. సున్నుండలు ఉన్నాయి. కింద ఓ పంచాంగం, వక్కల డబ్బా ఉన్నాయి. సుభద్రమ్మ సంచీ పొందూరు ఖద్దరుదే. ఆవిడింటి చిలక్కొయ్యకి పక్కపక్కనే వేలాడిన రెండు సంచుల్లో, ఆవిడ మిఠాయి తన సంచిలోనే వేసి ఇచ్చింది.

ఆ పిల్ల సంచి నేల మీద బోర్లించింది. కాగితాలు లేవు. ఏసుదానం గోడకి చేరగిలబడి "ప్రభువా" అన్నాడు. సరిగ్గా అప్పుడే నరసింగరావు చెంబు అందుకోబోయాడు. జగ్గమ్మ ఒక్క గెంతులో వచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది.

"సెయ్యి కడక్కండి బాబూ! మీ సెయ్యి తడిసిందా, ఈ పిల్ల బండి ఎల్లిపోద్ది."

"నేను కూచుంటానమ్మా. గంపెడు తింటాను" అని వ్యాపారుల్లో పెద్దవాడు ముందుకొచ్చాడు.

"లేసిపోయిన పంక్తిలో మళ్ళీ కూసుంటే పొద్దు ఒప్పుకోదు నాయినా. ఇప్పుడు ఎంగిలి సెయ్యి ఈ బాబుదొక్కటే ఉన్నాది." జగ్గమ్మ చీర చెంగు నడుముకి దోపింది. "కోటెనక్కి ఎల్లి తెస్తాను. పంతులుగారూ, మీరూ రండి. కాగితాలు మీరైతే గుర్తుపడతారు."

తినగలిగినవాళ్ళందరూ చేతులు కడుక్కున్నారు. తినలేనివాడు మిగిలాడు. నరసింగరావు విస్తరి వంక చూశాడు, పిల్ల మొహం వంక చూశాడు. మజ్జిగన్నం నాలుగు ముద్దల్లో పూర్తిచేసి, "పప్పు మిగిలిందా ఏసమ్మా?" అన్నాడు.

మజ్జిగ తర్వాత పప్పు తిన్న మనిషిని ఆ ఇల్లు అప్పుడే చూసింది. పప్పయ్యాక ఆనపకాయ పులుసు. పులుసయ్యాక ఏసమ్మ మొహమాటపడుతూ, "ఎండుసేపల ఇగురున్నాది బాబుగారూ, మీరు తింటారో తినరో" అంది.

"మా ఆవిడ పోయాక ముట్టలేదు. వెయ్యి."

ఆయన తింటుంటే లీలారాణి పక్కన కూచుని ఎడం చేతి నాడి పట్టుకుంది. ఆయన నుదుట చెమటపట్టింది. ఒక్కో ముద్ద మింగడానికి ఆయన కళ్ళు మూసుకుంటున్నాడు. గోడ గడియారం అలాగే ఉంది. అన్నదమ్ములు అరుగు మీద నిలబడి వీధి చివరికి చూస్తున్నారు. జగ్గమ్మ జాడ లేదు.

ఇంతలో ఏసమ్మ ఖాళీ గిన్నె పట్టుకుని వచ్చింది. ఐదుగురికి సర్దిన వంట, ఎంతకని వస్తుంది? ఆవిడ అరుగు మీదికెళ్ళి ఒక్క కేకేసింది. "ఓలమ్మా, కూరలున్నోళ్ళు తెండే! బాబుగారి ఇస్తరి ఖాళీ అయిపోతన్నాది!" ఎందుకని ఎవరూ అడగలేదు. ఓ ఇంటినుంచి గుమ్మడికాయ దప్పళం వచ్చింది. ఇంకో ఇంటినుంచి నువ్వులపొడి, బెల్లపావకాయ, గంటి సంకటి. తాటి తాండ్ర ముక్క ఒకావిడ కాగితంలో చుట్టి తెచ్చింది. పొద్దున్నుంచీ ఊరంతా తిరిగి ఏమీ రుచి చూడని మనిషి దగ్గరికి ఊరే గిన్నెలు పట్టుకుని వచ్చింది. ఆయన ఎవరినీ కాదనలేదు.

"చాలు బాబాయిగారూ" అంది లీలారాణి. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళున్నాయి. "ఉద్యోగం పోతే పోతుంది. మీకేదన్నా అయితే నేనేమవుతాను?"

నరసింగరావు ముద్ద కలుపుతూనే అన్నాడు. "ముప్పై ఏళ్ళు గొలుసు పట్టుకుని పొలాలు కొలిచానమ్మా. ఎండలో, వానలో. రిటైరయ్యాక, ఆవిడ పోయాక, నాకెవరూ పని చెప్పలేదు. అందరూ 'కూచోండి, పడుకోండి' అనేవాళ్ళే. ఇవాళ జగ్గమ్మ చెప్పింది. చెయ్యనీ."

లీలారాణి కొంగుతో ఆయన నుదురు తుడిచింది. నాడి మాత్రం వదల్లేదు.

అరుగు మీంచి అన్నదమ్ములు ఒక్కసారి అరిచారు. వచ్చింది జగ్గమ్మ కాదు, సుభద్రమ్మ. చెప్పుల్లేకుండా, ఎండలో ఎర్రబడిపోయి, సంచి గుండెకి కరుచుకుని వచ్చింది. సంచి మారిందని తెలియగానే ఇల్లు తాళమేసి, జగ్గమ్మ తిప్పే దారి తెలుసు కనక ఇల్లిల్లూ వెతుక్కుంటూ వస్తోంది. "ఎప్పుడో రావలసిందాన్నమ్మా. అసిరమ్మ అంబలి తాగందే గుమ్మం దిగనిస్తేనా!" అంటూ సంచి పిల్ల చేతిలో పెట్టి కూలబడిపోయింది. జగ్గమ్మ, ఏసుదానం వేరే వీధిన వెళ్ళి, తాళమేసిన తలుపు ముందు నిలబడి ఉంటారు.

లీలారాణి కాగితాలు తీసి ఒక్కొక్కటే చూసుకుంది. అన్నీ ఉన్నాయి. "ఇక లేవండి" అంటుందనుకున్నారు అందరూ. ఆ పిల్ల వీధి వంక చూసింది.

"మీ నాన్నగార్ని రానీ అమ్మా" అన్నాడు నరసింగరావు. మాట ముద్దగా వచ్చింది. "ఇంకో నాలుగు ముద్దలు పడతాయి."

ఏసుదానం రావడానికి ఎంత లేదన్నా అరగంట. లీలారాణి పుట్టి బుద్ధెరిగాక నాన్న పక్కన లేకుండా రైలెక్కలేదు, కొత్త ఊరు వెళ్ళలేదు, ఎవరి ముందూ నిలబడి నా పేరిది అని చెప్పలేదు. వేలి కింద నాడి దడదడమంటోంది. ఆ క్షణంలో ఆ పిల్లకి భయమేసింది. భయపడుతూనే చెంబు అందుకుంది.

"పట్టవు బాబాయిగారూ. నాడి నా చేతిలో ఉంది, నాకు తెలుసు. మా నాన్న సాయంత్రం బండికొస్తాడు. చెయ్యి పెట్టండి."

"అమ్మా, ఒక్కదానివీ..."

"ఇది నర్సు మాట. చెయ్యి పెట్టండి."

ఆయన చెయ్యి చాచాడు. ఆ పిల్లే నీళ్ళు పోసి, వేళ్ళ సందుల్లో కూడా కడిగింది. గోడ గడియారం టిక్కుమంది. దూరంగా ఎక్కడో ఆగిపోయిన కూత మిగతా సగం వినిపించింది. లీలారాణి వంగి ఆయన పాదాలు తాకి, సంచి చంకలో ఇరికించుకుని పరుగెత్తింది. అన్నదమ్ములు వెనకాల పరుగెత్తారు. కంటోన్మెంటు ఆడవాళ్ళందరూ ఖాళీ గిన్నెలు పట్టుకుని అరుగుల మీద నిలబడి, పన్నెండున్నర బండి కదిలిన చప్పుడు వినేదాకా ఎవరూ లోపలికి పోలేదు.

నరసింగరావు లేవలేకపోయాడు. ఏసమ్మ వాము నీళ్ళు ఇచ్చింది. సుభద్రమ్మ విసనకర్రతో విసిరింది. బరంపురం బండి కూత వేసుకుంటూ ఊరు దాటడం ఆయన అరుగు మీద వెల్లకిలా పడుకునే విన్నాడు.

జగ్గమ్మతో తిరిగొచ్చిన ఏసుదానం కూతురు ఒంటరిగా వెళ్ళిందని విని ముందు కోప్పడ్డాడు, తర్వాత ఏడ్చాడు, సాయంత్రం బండెక్కాడు. రాత్రి ఆసుపత్రికి చేరేసరికి లీలారాణి తెల్లచీరలో వార్డులో తిరుగుతోంది. మూడూ నలభైకే సంతకం పెట్టిందట. లోపలికి రాబోయిన తండ్రిని గుమ్మం దగ్గరే ఆపి, "రోగుల్ని చూసే వేళ అయిపోయింది నాన్నా, బల్ల మీద కూచో, వస్తాను" అందట. ఆయన ఆ మాట తర్వాత ఎందరికో చెప్పుకుని మురిసిపోయాడు.

మర్నాడు తెల్లారి ఏసమ్మ పొయ్యి ముట్టిస్తుంటే నరసింగరావు వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. ఒంట్లో ఎలాగున్నాదని అడగబోయి ఆయన మొహం చూసి ఆగిపోయింది. ఆకలేసిన మనిషి మొహం ఎలా ఉంటుందో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. నాలుగు దిబ్బరొట్టె ముక్కలు తిన్నాడు. బండి వేళకి జగ్గమ్మ వచ్చి, "ఇయ్యాల మీకు మంచి సీటు సూపిస్తాను, రండి" అంటే, పోస్టుకార్డొకటి తెప్పించమన్నాడు. అరుగు మీద కూచుని, సర్వే పటాలకి అలవాటైన సన్నటి అక్షరాలతో మేనల్లుడికి రాశాడు.

"చిరంజీవి లక్ష్ముడికి ఆశీస్సులు. నా కోసం గది ఖాళీ చెయ్యనక్కర్లేదు. విజయనగరంలో పని దొరికింది. భోజనం కూడా వాళ్ళే పెడతారు."