మూడో మడత

రిబ్బన్ కొస దగ్గర మౌస్ ఆపి, సుగుణమణి ఆ చివరను చేపతోకలా చీల్చింది. మడత లోపలి భాగంలో ముదురు ఎరుపు నింపింది. వెలుగు పడే అంచున లేతగీత సన్నగా లాగింది. అప్పటిదాకా ఫోటోషాప్‌లో చదునుగా పడి ఉన్న పట్టీ పట్టుగుడ్డలా ఒళ్లు విరుచుకుంది.

నాంపల్లిలోని ఆ పెళ్లికార్డుల దుకాణంలో ఆమెకు అది ఆఖరి రోజు. రేపటినుంచి హిమాయత్‌నగర్‌లో సొంత దుకాణం. యజమాని ప్రసన్నకుమార్ పొద్దుటినుంచీ ఆమె కుర్చీ చుట్టూనే తిరుగుతున్నాడు.

“రెడీమేడ్ రిబ్బన్లు నెట్‌ల మస్తున్నయి కదక్కా. ఒకటి పెట్టేస్తే అయిపాయె.”

“పేరును బట్టి రిబ్బన్ గియ్యాలె ప్రసన్నా. రిబ్బన్‌ను బట్టి పేరు పెట్టుకోరు గద ఎవ్వరు?”

అతను నవ్వేశాడు.

సుగుణమణికి యాభై దాటాయి. తెరవైపు వంగి వంగి మెడ కాస్త ఎడమకు ఒరిగింది. చేతివేళ్లు మాత్రం తండ్రి ఇజ్రాయేల్‌వి. ఆయన గుడ్డ బ్యానర్లు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆయన కుంచె ఎండిపోయాక, ఆమె ఆబిడ్స్‌లో కంప్యూటర్ కోర్సులో చేరింది. భర్త సామ్ సుందర్ పోయేనాటికి కూతురు తబితకు ఇంకా మాటలు రాలేదు. ఈ కుర్చీలో కూర్చునే బిడ్డను చదివించి నర్సును చేసింది.

మధ్యాహ్నం ముగ్గురు వచ్చారు. పెళ్లికూతురు మనస్విని, ఆమె బాబాయి విద్యాసాగర్, వాళ్ల వెనక తల్లి అహల్య. కార్డు పైభాగంలో రిబ్బన్, దానిమీద వధూవరుల పేర్లు. అంతా నచ్చింది.

“మా అమ్మ పేరు గూడ రిబ్బన్ మీదనే రావాలె ఆంటీ,” అంది మనస్విని. “నాయిన లేడు. నన్ను సాదింది అమ్మనే.”

విద్యాసాగర్ గొంతు సవరించుకున్నాడు. “గాడ జాగ ఏడుంది బిడ్డా? కింద మేము పెద్దలం ఉండనే ఉన్నం గద.”

“వద్దులే,” అంది అహల్య తలవంచుకుని. “నా పేరు లేకపోతేంది. శుభకార్యం.”

సుగుణమణి ఆమెవైపు తిరిగింది. బొట్టులేని నుదురు, కొంగును చుట్టుకున్న వేళ్లు. తబిత పెళ్లికి చుట్టాలు తనకు చెప్పిన మాట కూడా ఇదే. ఆ రోజు తాను ఎవరినీ అడగలేదు. కార్డు గీసింది తనే కాబట్టి తన పేరు తనే వేసుకుంది.

ఆమె గీతలు గీసే పెన్ టూల్ పట్టుకుంది. రెండు మడతల మధ్య రిబ్బన్‌ను తెంపి, కొత్తగా ఒక మడత పైకి లేపింది. మెలిక తిరిగేచోట నీడ వేసింది.

“మీ పేరుల ల కింద య వత్తు దిగుతదమ్మా. దానికోసం ఈడ జర లోతుగ వంచుతున్న.”

మూడో మడతలో బంగారు అక్షరాలు కుదురుగా కూర్చున్నాయి: అహల్య.

“ఇగో, జాగ అయింది సార్,” అంది సుగుణమణి.

విద్యాసాగర్ తెర చూశాడు, వదినను చూశాడు. జాగ లేదన్న మాట ఇక చెల్లదు. అసలు మాట ఆమె ముందు అనలేడు. “కానియ్యి,” అన్నాడు. ఆమెవైపు తిరిగి, “మంచిగనే ఉంది వదినా,” అన్నాడు మెత్తగా.

అహల్య తెర దగ్గరికి వచ్చి, తాకీ తాకనట్టు వేలు పెట్టింది. “నా పేరు గింత మంచిగుంటదా?” అంది. మనస్విని ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది.

సాయంత్రం సుగుణమణి కంప్యూటర్ ఆపి లేచింది. బ్యాగు భుజానికి తగిలించుకుంది.

“పోయొస్త ప్రసన్నా.”

“పోయొస్త అంటున్నవు. మళ్ల వస్తవా మరి?”

“రాను. ఏదన్న కష్టమైన పేరొస్తే నా దుకాణానికి పంపు.”

నవ్వుతూ మెట్లు దిగింది. స్టేషన్ రోడ్డు జనంలో ఆమె వంగిన మెడ కొంతదూరం కనిపించి కలిసిపోయింది. ప్రసన్నకుమార్ లైట్లు ఆర్పబోతూ ఆగాడు. ఏసీ చలికి ఆమె రోజూ తొడుక్కునే ఊదారంగు స్వెట్టర్ కుర్చీకే ఉండిపోయింది, మౌస్ పట్టిన చేతిలా కుడిమోచెయ్యి దగ్గర ఇంకా వంగి.