కొత్త మనిషి

జువ్వలదిన్నెలో కావలి బస్సు దిగకముందే జయశీల నల్ల గుడ్డను ముక్కు మీదికి లాక్కుని తల వెనక ముడి వేసుకుంది. ఊళ్లో చిన్నపిల్లలెవరూ ఆమె మొహం చూడకూడదు. వలలు ఆరబెట్టిన వీధి వదిలేసి, తుమ్మచెట్ల వెనక ఇసుకదారిన నడిచింది. ఎదురొచ్చినామె చంకలో బిడ్డ కనిపిస్తే తల వంచుకుంది. నాలుగేళ్లుగా ఇదే దారి.

అద్దె ఇంటి ముందుగదిలో చాప, నాలుగు బొమ్మలు, రెండు కుర్చీలు, గోడ మూలన కెమెరా. బిడ్డకు తల్లితో అనుబంధం ఎలా కుదురుతుందో తెలుసుకోవడానికి ప్రత్యూష మేడం నడుపుతున్న పరిశోధన అది. ఏడాది దాటిన బిడ్డను గదిలో వదిలి తల్లి మూడు నిమిషాలు బయటికి పోతుంది. అంతసేపూ బిడ్డ దగ్గర ముక్కూ మొహం తెలియని మనిషి ఒకరు ఉండాలి. ఆ కొత్త మనిషి జయశీల. అదే ఆమె ఉద్యోగం.

గుడ్డ విప్పి తలుపు వెనక మేకుకు తగిలించింది. ఎర్రరాళ్ల కమ్మలు తీసి పర్సులో వేసింది. పిల్లలు పట్టి లాగేదేదీ ఒంటి మీద ఉండకూడదని నియమం.

ఏడుపులు ఆమెకు అలవాటే. తల్లి తిరిగొచ్చే క్షణం కోసం మాత్రం ఇప్పటికీ కాచుకుని చూస్తుంది. ఒకడు పడుతూ లేస్తూ పరుగెత్తుతాడు. ఒకతె బొమ్మను పట్టుకుని వీపు తిప్పుకుంటుంది. ఇంకొకతె ఎత్తుకోమని చేతులు చాచి, ఎత్తుకున్నాక తంతుంది. జయశీలకు రెండేళ్లప్పుడు అమ్మ ఆమెను అవ్వ దగ్గర వదిలి మద్రాసులో ఇళ్ల పనికి పోయింది. మళ్లీ ఏడాదికి వచ్చింది. ఆ రోజు తనేం చేసిందో? అడుగుదామంటే ఇప్పుడు అమ్మా లేదు, అవ్వా లేదు.

పదకొండు గంటలకు సాయిలక్ష్మి అనే ఆమె బిడ్డను తెచ్చింది. జయశీల గదిలోకి వచ్చి కూర్చోగానే చాప మీది పిల్ల తలెత్తింది.

వెన్నెల!

ఆదివారం ఆరాధన అయ్యాక జయశీల కావలి మార్కెట్లో ఎండుచేపలు కొనేది ఆదిశేషమ్మ దగ్గర. ఈ పిల్ల ఆమె మనవరాలు. "తూకం వేసిందాకా పట్టుకోమ్మా" అని ఆ ముసలామె పిల్లను చేతుల్లో పెట్టేది. మీది ఏ ఊరని జయశీల ఎన్నడూ అడగలేదు. అడిగితే ఎత్తుకోకూడదని తేలుతుందేమో.

లోపలి గదిలోంచి ప్రత్యూష గోడ తట్టింది. సాయిలక్ష్మి బయటికి పోయింది. పిల్ల పెదవి విరిచి ఏడుపందుకుంది. జయశీల కదల్లేదు. పిల్లే పాకుతూ వచ్చి, ఆమె మోకాలు పట్టుకుని లేచి, ఒళ్లోకెక్కింది. ఏడుపు ఆగింది. చిన్న వేళ్లు కుడిచెవిని తడిమాయి. ఏమీ దొరకలేదు. పిల్ల తల అటు వంచి ఎడమచెవిని తడిమింది.

తల్లి రాగానే వెన్నెల ఆమె చంకనెక్కి భుజంలో మొహం దాచుకుంది.

"ఏందక్కా, మా పిల్లకు మందేమన్నా పెట్టినావా? ఇంటికాడ నన్ను కూసోనీదు, నీకాడ గమ్మునుండాది!" అని సాయిలక్ష్మి నవ్వుతూ వెళ్లింది.

ప్రత్యూష ల్యాప్‌టాప్ పట్టుకుని గబగబా వచ్చింది. "చూశారా జయశీలగారూ! నలభై సెకన్లలో ఊరుకుంది. నలుగురి చేతుల్లో పెరిగిన పిల్లలకు కొత్త ఉండదని నేను మొత్తుకునేది ఇదే." వీడియో వెనక్కి జరిపింది. "అయితే చెవుల్లో ఏం వెతుకుతోందండీ?"

జయశీల తెర మీది వేళ్లను చూసింది. ఊరుకుంటే రేపు మళ్లీ ఈ బస్సే ఎక్కవచ్చు.

"కమ్మలు మేడం."

"ఏ కమ్మలు?"

"నావే. ఆ పిల్లకు నేను తెలుసు. కావలిలో వాళ్ల నాయనమ్మ కాడ ఆదివారం ఆదివారం ఎత్తుకుంటుండా. ఏ ఊరని అడగలా. తప్పు నాదే."

ప్రత్యూష కాగితం మీద వెన్నెల పేరున్న వరుసను కొట్టేసింది. "ఇంకెంతమందికి తెలుసు మీరు?"

"ఏమో మేడం. ఈ ఊరోళ్లందరూ కావలికి వస్తారు గదా."

"అయితే ఇంక కుదరదండీ. సూళ్లూరుపేట నుంచి ఎవరినైనా పిలిపించాలి."

"అట్నే మేడం. మార్కెట్టుకు పోని మనిషిని చూసుకోండి."

ప్రత్యూషకు నవ్వొచ్చింది. ఆపుకోలేక అడిగింది: "ఎన్నో వారానికి గుర్తుపట్టింది?"

"మూడోవారానికే. కమ్మ పట్టుకుంది, వదల్లా."

ప్రత్యూష అది రాసుకుంది.

జయశీల కమ్మలు పెట్టుకుని వలల వీధినే పోయింది. గడపలో కూర్చున్న ఎవరి బిడ్డో ఆమెనే చూస్తుంటే ఆగి, తనూ చూసింది.

తలుపు వెనక మేకుకు నల్ల గుడ్డ అలాగే వేలాడుతోంది, ముడి వేసే కొసలు నలిగి, ముక్కు దగ్గర రంగు వెలిసి.