మిద్దె మీద మంద

మాలకొండమ్మ పొద్దున్నే మిద్దెక్కి చేసే మొదటి పని మందారం ఆకులు తిప్పి చూడడం. పాత పెయింటు బకెట్లలో రెండు మందారాలు, వంగ, మిరప. ఆకుల అడుగున పిండి చల్లినట్టు తెల్లగా పిండినల్లి. ఎన్నిసార్లు నీళ్లు చిమ్మి కడిగినా మధ్యాహ్నానికి మళ్లీ కొమ్మలెక్కేది. తోలేవాళ్లుంటే ఎక్కదా మరి. గండుచీమలు భుజాన గొంగళ్లేసుకుని, ఈలలేస్తూ ఆ పురుగుల్ని లేతచిగుళ్లకు తోలుకెళ్లేవి. వాటి ఒంట్లో ఊరే తీపి పాలు పితుక్కుని, పొద్దుగూకేసరికి చెట్టు మొదట్లో దొడ్డి కట్టేవి. గిద్దలూరులో ఆ వీధికంతా ఈ సంగతి తెలుసు. ఇంటి ఓనరు లక్ష్మీనరసయ్యకు చీమలతో ఉన్న పేచీ ఒకటే, ఆ ఈలలకు మధ్యాహ్నం కునుకు పట్టడం లేదని.

పిండినల్లి మెట్లు దిగి వాకిట్లో ఆయన గులాబీల మీద పడ్డాక పేచీ ముదిరింది. తన కుండీలన్నిటికీ పురుగుమందు కొట్టించి, మిగిలిన సీసా తెచ్చి మాలకొండమ్మ ముందు పెట్టాడు.

"ఆదివారం లోపల మిద్దె మీద కూడా కొట్టు. లేకుంటే ఇల్లు ఖాళీ చెయ్."

"ఇంకేదన్నా చెప్పన్నా. మందు మాత్రం కొట్టను."

"ఏందమ్మా, పురుగులతో చుట్టరికమా నీకు?"

"ఉందనుకో" అని ఆమె సీసా తిరిగి ఆయన చేతిలోనే పెట్టింది.

ఆయన దిగిపోయాక మొగుడు రామసుబ్బయ్య తల పట్టుకున్నాడు. "నీళ్లల్లో ఉండి మొసలితో వైరమా? ఒక్క సీసాతో పోయేదానికి ఇంతదూరం తెస్తివి."

"అర్ధవీడు కాడ మన గొర్రెలు మందు కొట్టిన పత్తిచేలో మేసి నురగలు కక్కి పడిపోయినాయే, మర్సిపోయినావా? నా మందను సంపిన మందును ఇంకొక మంద మీద నా చేత్తో కొట్టను."

ఆ గొర్రెలు పోబట్టే వాళ్లు ఈ ఊరొచ్చి అద్దెకు దిగారు.

మరునాడు ఆమె మందారం దగ్గర గొంతుక్కూర్చుని చీమల పెద్దను పిలిచింది. నడుం వంగిన ముసలి చీమ కర్ర ఆనించుకుని వచ్చింది.

"మామా, మందను తోలుకుపోండి. నా చెట్లు ఎండిపోతన్నాయి. ఓనరేమో మందు కొట్టమంటన్నాడు."

"యాడికి పోయేది బిడ్డా? కింద మేపు లేకనే కదా ఇంత ఎత్తు ఎక్కినాం."

ఆ మాట మాలకొండమ్మ నోట్లోదే. గొర్రెల్ని అడవిలోకి రానీయక, చేలల్లోకి రానీయక తరిమితే, ప్రతి పొలిమేరలోనూ ఆమె అడిగింది ఇదే. అప్పుడు ఒక్కరూ దారి చూపలేదు. ఆమెకు ఒళ్లు మండింది, చీమ మీద కాదు.

"నేను చూపిస్తా. పదండి" అంది.

ఆదివారం పొద్దున మంద మిద్దె దిగింది. ముందు మాలకొండమ్మ, గొర్రెల్ని అదిలించినట్టే కూతవేస్తూ. వెనక పిండినల్లి, అటూ ఇటూ చీమలు. స్కూటర్ల వాళ్లు ఆగి దారిచ్చారు. వీధి చివర మాధవి అనే టీచరమ్మ ఖాళీ జాగాలో వయ్యారిభామ నడుమెత్తు పెరిగి ఉంది. ఎంత పీకినా చావని కలుపు, తగిలితే ఒళ్లంతా దురద. మంద అందులోకి దిగి తల వంచి మేసింది.

"పురుగు పోయింది సరే, నా మాట పోలేదా?" అన్నాడు లక్ష్మీనరసయ్య. ఖాళీ చెయ్యమన్నాడు. ఆమె బతిమాలలేదు. బకెట్లు ఆటోలో పెట్టించి, మాధవి సరేననడంతో ఆమె జాగాలో మూలనున్న రేకుల గదిలోకి మారింది.

నెల తిరక్కుండా ఆ జాగాలో వయ్యారిభామ ఎండుపుల్లలైంది. పక్క వీధి వాళ్లొచ్చి, "మా జాగాలో కూడా తోలక్కా" అన్నారు. ఆ తర్వాత రైలు కట్ట అవతలి వాళ్లు. మందను చూస్తే దూరం కొట్టే జనం తాంబూలమిచ్చి పిలవడం మొదలుపెట్టారు. రామసుబ్బయ్య కూలిపని మాని మంద వెనక నడిచాడు. మాలకొండమ్మ తలెత్తుకుని ముందు నడిచింది.

ఒకనాడు లక్ష్మీనరసయ్య దారికడ్డంగా నిలబడ్డాడు. "పెరడంతా వయ్యారిభామేనమ్మా. రెండుసార్లు గడ్డిమందు కొట్టించినా మళ్లీ లేస్తాంది. మనవడికి ఒళ్లంతా దద్దుర్లు. నాలుగు రోజులు మంద తోలు. కావాలంటే మీ గది మీకిస్తా."

పిల్లాడి మాటకు ఆమెకు జాలేసింది.

"పిల్లోణ్ణి మా కాడికి పంపన్నా, ఆడుకుంటాడు" అంది. "మందు కొట్టిన నేలలో మాత్రం నా మంద అడుగు పెట్టదు."

కూతవేసి మందను పక్క సందులోకి మళ్లించింది.