పక్క డాబా మీద పడే నీడ

...అయినా సొంత డాబా మీద దుప్పటి ఆరేసుకోవడం నేరమేమీ కాదు, అనుకున్నాడతను, తడి దుప్పటి ఉన్న బక్కెట్టు పక్కన నిలబడి. తోడల్లుడు ఎప్పుడు కిందికి దిగుతాడా అని ఎదురుచూస్తున్నాడు. రెండిళ్ల మధ్య ఉన్నదల్లా ఒక పిట్టగోడ. అవతల తోడల్లుడు మోకాళ్ల మీద కూర్చుని సోలార్ పలకలు తుడుస్తున్నాడు. కరెంటు సగానికి సగం పడిపోయిందట. దుమ్మేమోనని అతని అనుమానం.

దుమ్ము కాదు. మన ఇంటికీ పెట్టించాలా వద్దా తేల్చుకుందామని భార్య పిలిపించిన కంపెనీ మనిషి మాటల మధ్యలో చెప్పాడు: ఒక్క పలక మీద నీడ పడినా ఆ వరసంతా నీరసిస్తుంది. అతను చెప్పిన అంత సోదిలో ఇతనికి గుర్తున్నది ఆ ఒక్క ముక్కే. తోడల్లుడు ఆఫీసుకెళ్లగానే దుప్పటి పిట్టగోడ వెంట కట్టిన తాడెక్కుతుంది, సాయంత్రం అతను రాకముందే దిగుతుంది.

పెట్టిస్తే అతన్ని చూసి పెట్టించినట్టు. పెట్టించకపోతే రోజూ భోజనంతో పాటు మరిదిగారి ముందుచూపు కూడా వడ్డిస్తుంది భార్య. ఊళ్లోవాళ్లకి కళ్లద్దాలు అమ్మే తనకి మాత్రం ముందుచూపు లేదన్నమాట. దుప్పట్లు తనే ఉతుకుతున్నందుకు ఆమె మురిసిపోయింది. అదీ గుచ్చుకుంది. ఆమె మెప్పుకి ఒక దొంగపని కావలసివచ్చింది.

"అన్నయ్యా," అన్నాడు తోడల్లుడు గోడ దగ్గరికొచ్చి. "మీరు మాత్రం పెట్టించకండి. నన్ను చూసి మీరూ మునగొద్దు. వదినకి నేనే చెబుతాను."

గుండెలో ఏదో తియ్యగా కరిగింది. ఈ మాట కోసమే కదా ఇన్నాళ్లూ కాచుకున్నది.

టీ గ్లాసులతో అప్పుడే పైకొచ్చిన భార్య అంతా వింది. మొదటి గ్లాసు గోడ మీదుగా అవతలికి అందించింది.

"మీ తప్పేముంది మరిదిగారూ. చల్లారకముందు తాగండి."

అంతే అంది. కానీ ఆ గొంతు అతనికి తెలుసు. షాపు తెరిచిన కొత్తల్లో, ఒక్కరూ గుమ్మం ఎక్కని రోజుల్లో, ఆ గొంతుతోనే తనని భోజనానికి పిలిచేది. షాపు నిలదొక్కుకున్నాక మళ్లీ వినలేదు. ఇన్నాళ్లూ తోడల్లుడికి దక్కింది వట్టి పొగడ్త. ఇవాళ దక్కింది వేరు. దాన్ని తన చేతులతో ఉతికి, పిండి, తనే అతనికి ఇచ్చుకున్నాడు. ఇలాగే సాగితే ఆమె రోజూ పొద్దున్నే టీ పట్టుకుని పైకొస్తుంది, ఆ గోడ దగ్గరికే.

"మనకొద్దులెండి ఇక," అంది భార్య, రెండో గ్లాసు అతని చేతికిస్తూ. గొంతు మామూలైపోయింది.

అతను గ్లాసు గోడ మీద పెట్టేశాడు. తాడు దగ్గరికి వెళ్లి ముడి లాగాడు. తడికి బిగుసుకుపోయింది. వంగి పళ్లతో పట్టుకున్నాడు.

"అదెందుకు విప్పుతున్నారు?"

ముడి వదులైంది. "మన పలకలు ఇక్కడ పెట్టాలన్నాడుగా ఆ కంపెనీ మనిషి," అన్నాడు ఆమె వైపు చూడకుండా, తాడు చేతికి చుట్టుకుంటూ.